లింకన్ తాత చనిపోయింది ఎప్పుడు? కెంటకీ కౌంటీ కోర్టు పుస్తకాల్లో పూర్వీకుల జాడ

అబ్రహాం లింకన్ తల్లిదండ్రులకు అసలు పెళ్లే కాలేదన్న పుకారు అమెరికాలో చాలా ఏళ్లు నడిచింది. ఆ పుకారుకు బలం ఇచ్చింది ఒకటే విషయం: కోర్టు పుస్తకాల్లో పెళ్లి నమోదు కనబడలేదు. థామస్ లింకన్, నాన్సీ హాంక్స్ కాపురం చేసింది కెంటకీ రాష్ట్రంలోని హార్డిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అందుకని ఎలిజబెత్‌టౌన్‌లో ఉన్న ఆ కౌంటీ కోర్టు పుస్తకాల్లోనే వెతికారు. అక్కడ థామస్ రెండో పెళ్లి, 1819లో సారా బుష్ జాన్‌స్టన్‌తో జరిగినది, శుభ్రంగా నమోదై ఉంది. మొదటి పెళ్లి మాత్రం లేదు. రెండోది ఉండి మొదటిది లేకపోయేసరికి జనం మనసులో అనుమానం ఇంకా బలపడింది.

1878లో, లింకన్ హత్యకు గురైన 13 ఏళ్లకు, వాషింగ్టన్ కౌంటీ కోర్టు పాత కాగితాల్లో ఆ పెళ్లికి ముందు రాసిన జామీను (హామీ) పత్రం దొరికింది. దాని మీద తేదీ 1806 జూన్ 10. ఆ రోజుల్లో పెళ్లి కాగితాలు పెళ్లికూతురు ఉండే కౌంటీలో రాయించేవారు. నాన్సీ అప్పుడు వాషింగ్టన్ కౌంటీలో రిచర్డ్ బెర్రీ ఇంట్లో ఉంటోంది. కాగితం ఎక్కడికీ పోలేదు, ఉండాల్సిన చోటే 72 ఏళ్లు పడి ఉంది. వెతికినవాళ్లు వేరే కౌంటీలో వెతికారు, అంతే. ఒక చనిపోయిన మనిషి పరువు ఇంత చిన్న పొరపాటు మీద ఆధారపడి ఉందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫ్రాంటియర్ కాలం నాటి పూర్వీకుల్ని వెతికేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదనుకుంటాను. ఫ్రాంటియర్ అంటే 1770ల నుంచి 1810ల దాకా తూర్పు తీరం జనం అపలాచియన్ కొండలు దాటి పడమటికి వచ్చి, షానీ, చెరోకీ వంటి తెగలు వేటాడి బతికిన నేలను ఆక్రమించుకుని స్థిరపడిన రోజులు. ఆ కాలం మనిషిని పేరు పట్టుకుని వెతికితే దొరకడు. ఆ రోజు ఆ ఊరు ఏ కౌంటీలో ఉంది, అప్పుడు ఏ చట్టం నడుస్తోంది, పక్కన ఎవరున్నారు అన్న మూడు సంగతులు ముందు తెలిస్తే, ఆ తర్వాత పేరు దానంతటదే కనబడుతుంది. లింకన్ కుటుంబం కాగితాలన్నీ బయటికి వచ్చినవే కాబట్టి వాళ్లనే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కోర్టు పుస్తకాలే ఎందుకు?

వేరే దారి లేదు కాబట్టి. కెంటకీకి సంబంధించిన 1790, 1800 జనాభా లెక్కలు రెండూ మిగల్లేదు. 1810 లెక్కలు ఉన్నా వాటిలో కుటుంబ పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. భార్య, పిల్లలు కేవలం అంకెలు. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. ఇక జనన మరణాల నమోదు రాష్ట్రమంతటా స్థిరపడింది 1911లో. కాబట్టి 1786లో చనిపోయిన మనిషి గురించి ప్రభుత్వం దగ్గర ఉన్నదంతా కోర్టు కాగితమో, భూమి కాగితమో, పన్ను జాబితానో.

ఇక్కడ కౌంటీ కోర్టు అనగానే నల్లకోటు వకీళ్లు వాదించుకునే చోటు అనుకోకూడదు. నెలకోసారి స్థానిక భూస్వాములు కొందరు జస్టిస్ హోదాలో కూర్చునేవారు. వాళ్లలో ఎక్కువమంది న్యాయశాస్త్రం చదివినవాళ్లు కారు. వీలునామా రుజువు చేయడం, చనిపోయినవాళ్ల ఆస్తికి నిర్వాహకుణ్ణి పెట్టడం, తండ్రిలేని పిల్లలకు గార్డియన్‌ను నియమించడం, దస్తావేజులు నమోదు చేయడం, రోడ్డు ఎటు వెయ్యాలో చెప్పడం, పిండిమరకు అనుమతి ఇవ్వడం, సత్రంలో ధరలు నిర్ణయించడం అన్నీ వాళ్ల పనే. ఏ రోజు ఏం ఆదేశించారో క్లర్క్ వరసగా రాసుకుపోయిన పుస్తకమే ఆర్డర్ బుక్. చాలామంది వీలునామాల ఇండెక్స్, దస్తావేజుల ఇండెక్స్ చూసి వదిలేస్తారు. నా లెక్కలో అసలు సంపద ఆర్డర్ బుక్‌లోనే ఉంటుంది. భూమి లేనివాడు, వీలునామా రాయనివాడు కూడా ఏదో ఒక రోజు జ్యూరీలో కూర్చునో, సాక్ష్యం చెప్పో, రోడ్డు పనికి వెళ్లో ఆ పుస్తకంలో తగులుతాడు.

థామస్ లింకన్‌నే చూడండి. 1816లో హార్డిన్ కౌంటీ కోర్టు ఆయన్ని ఒక రోడ్డుకు సర్వేయర్‌గా నియమించింది. అంటే ఆయన భూమి కొలిచే మనిషి అని కాదు. ఆ రోడ్డులో ఫలానా ముక్కను బాగు చేయించే బాధ్యత ఆయనది, చుట్టుపక్కల మగవాళ్లు ఆయన కింద పని చేయాలి. ఇలాంటి ఆదేశం ఒక్కటి దొరికితే ఆ మనిషి ఏ వాగు పక్కన, ఏ దారిలో ఉన్నాడో తేలిపోతుంది. జతగా పేర్లు రాసి ఉంటే ఇరుగుపొరుగు కూడా తెలుస్తారు.

మనుషులు కదల్లేదు, కౌంటీలు కదిలాయి

1776లో వర్జీనియా రాష్ట్రం కొండల అవతలి ప్రాంతం మొత్తాన్ని కెంటకీ కౌంటీ అంది. 1780లో దాన్ని మూడు ముక్కలు చేసింది: జెఫర్సన్, ఫయట్, లింకన్. (ఈ లింకన్ కౌంటీకి అధ్యక్షుడి కుటుంబంతో సంబంధం లేదు. అది స్వాతంత్ర్య యుద్ధ సేనాని బెంజమిన్ లింకన్ పేరు.) తర్వాత జెఫర్సన్ నుంచి నెల్సన్ వచ్చింది. 1792లో కెంటకీ విడి రాష్ట్రమయ్యాక నెల్సన్ నుంచి వాషింగ్టన్, హార్డిన్ వచ్చాయి. హార్డిన్‌లోంచి 1843లో లారూ వచ్చింది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో కౌంటీలు 120.

తెలంగాణలో 10 జిల్లాలు 33 అయినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మనం చూసిందే ఇది. యాదాద్రి భువనగిరి జిల్లా ఊరి పాత కాగితం నల్గొండలో అడగాల్సి వస్తుంది. అయితే కెంటకీలో ఈ విభజన ఒక మనిషి జీవితకాలంలో రెండు మూడు సార్లు జరిగింది, పైగా పాత కౌంటీ పుస్తకాలు పాత చోటే ఉండిపోయాయి.

అధ్యక్షుడి నాయనమ్మ బాత్‌షెబా లింకన్ సంగతి చూద్దాం. భర్త పోయాక ఆమె పిల్లలతో బీచ్ ఫోర్క్ అనే ఏటి ప్రాంతానికి, బంధువుల దగ్గరికి వచ్చేసింది. అది అప్పుడు నెల్సన్ కౌంటీ. అందుకే భర్త ఆస్తి వ్యవహారం 1788 అక్టోబరులో నెల్సన్ కౌంటీ కోర్టుకు వచ్చింది. 1792 తర్వాత అదే ఇల్లు వాషింగ్టన్ కౌంటీలోకి పోయింది. ఆమె గడప దాటలేదు, కానీ కాగితాలు రెండు కోర్టుల్లో పడ్డాయి. అధ్యక్షుడు పుట్టిన పొలమూ అంతే. 1809లో అది హార్డిన్ కౌంటీ, ఇవాళ లారూ కౌంటీ. లారూ కౌంటీ కోర్టుకు వెళ్లి థామస్ లింకన్ దస్తావేజు అడిగితే దొరకదు. ఆ కౌంటీ పుట్టేనాటికి ఆయన కెంటకీ వదిలి 27 ఏళ్లు.

కాబట్టి వెతుకులాటలో మొదటి పని కౌంటీల పుట్టుక తేదీలు ఒక కాగితం మీద రాసుకోవడం. చాలామంది ఇది చివర చేస్తారు, అప్పటికే నెలలు పోయి ఉంటాయి.

ఒక్క ఏడాది తేడాతో

అధ్యక్షుడి తాత పేరు కూడా అబ్రహాం లింకనే. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో వర్జీనియా మిలీషియాలో (స్థానిక పౌర దళంలో) కెప్టెన్, రాకింగ్‌హామ్ కౌంటీ రైతు. కెంటకీకి వచ్చి, పొలంలో పని చేస్తుండగా స్థానిక తెగ మనిషి చేతిలో చనిపోయాడు. ఎప్పుడు? 1860లో ఎన్నికల ప్రచారం కోసం రాసిచ్చిన స్వీయ పరిచయంలో మనవడు సుమారు 1784 అన్నాడు. ఇంట్లో విన్న మాట అది.

కాగితం వేరే చెబుతోంది. 1780లో ఈ కెప్టెన్ 160 పౌండ్లు కట్టి 400 ఎకరాలకు వర్జీనియా ట్రెజరీ వారంటు, అంటే అంత భూమి కొలిపించుకునే హక్కు పత్రం, కొన్నాడు. దాని మీద జెఫర్సన్ కౌంటీలోని లాంగ్ రన్ అనే వాగు దగ్గర భూమి కొలిచింది 1785 మే నెలలో. ఆ సర్వేలో కొలత గొలుసు పట్టుకున్నవాళ్లు, చెట్లకు గొడ్డలితో గుర్తు పెట్టినవాడు ఎవరో పేర్లు రాశారు. గుర్తులు పెట్టిన మనిషి అబ్రహాం లింక్‌హార్న్. 1785 వేసవిలో చెట్లకు గుర్తులు పెట్టిన మనిషి 1784లో చనిపోయి ఉండడు. మరణం 1786లో అని చరిత్రకారులు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు.

ఒకటి రెండేళ్ల తేడా అంత ముఖ్యమా అనిపించవచ్చు. ఇక్కడే చట్టం తెలియాలి. వర్జీనియాలో అప్పటికి పెద్దకొడుకు హక్కు నడుస్తోంది. వీలునామా లేకుండా తండ్రి పోతే భూమి మొత్తం పెద్దకొడుకుదే, మిగతా పిల్లలకు ఎకరం కూడా రాదు. ఆ పద్ధతిని రద్దు చేస్తూ 1785లో చట్టం చేశారు, కానీ అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. కెప్టెన్ 1786లో పోయాడు. అందువల్ల భూమి అంతా పెద్దకొడుకు మార్దెకైకి వెళ్లింది. చిన్నవాడు థామస్‌కు ఏమీ రాలేదు. తండ్రి మరో ఏడాది బతికి ఉంటే భూమిలో అతనికీ వాటా ఉండేది. తన తండ్రి చిన్నతనం నుంచే ఊరూరా తిరిగి కూలి చేసుకున్నాడని, చదువు లేకుండా పెరిగాడని అధ్యక్షుడు రాసుకున్నాడు. ఆ పేదరికం వెనక సోమరితనం ఉందని రాసినవాళ్లున్నారు. తేదీని, చట్టాన్ని పక్కపక్కన పెడితే ఆ మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ఇదే తర్కాన్ని వెనక నుంచీ వాడొచ్చు. ఏదైనా దస్తావేజులో ఒక్క కొడుకే తండ్రి భూమిని వారసుడి హోదాలో అమ్ముతుంటే, తండ్రి 1787కి ముందే, వీలునామా లేకుండా పోయాడని ఊహించవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భర్తలు కలిసి సంతకాలు పెడుతుంటే ఆ తర్వాతి మరణం కావచ్చు. అలాంటి దస్తావేజు దొరకడం పెద్ద అదృష్టం, పెళ్లయిన కూతుళ్ల కొత్త ఇంటిపేర్లన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఆస్తి జాబితా గురించి ఒక మాట. కోర్టు ఇరుగుపొరుగువాళ్లను పంపి చనిపోయినవాడి సామాను లెక్క కట్టించేది. కెప్టెన్ లింకన్ జాబితాలో గుర్రాలు, ఆవులు, తుపాకులు, నాగలి సామాను, ఈకల పరుపులు ఉన్నాయి. భూమి ఈ జాబితాలో రాయరు, కాబట్టి విలువ తక్కువగా ఉందని మనిషి పేదవాడనుకోకూడదు. కలిగినవాళ్ల జాబితాల్లో పశువుల పక్కనే మనుషుల పేర్లు కూడా ఉంటాయి: బానిసలుగా ఉంచుకున్న ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, ఒక్కొక్కరి ధరతో. ఇంటిపేరు ఉండదు. నల్లజాతి కుటుంబాలు తమ వాళ్లను వెతుక్కోవాలంటే చాలాసార్లు ఈ పేజీలే దిక్కు. మన వెతుకులాటకు సంబంధం లేకపోయినా ఆ పేర్లు కనబడితే రాసి, అందరికీ దొరికేలా పెట్టాలి. అది కనీస బాధ్యత.

భూమి తగాదాలు

కెంటకీలో ప్రభుత్వం ముందే కొలిచి, నంబర్లు వేసి భూమి అమ్మలేదు. వారంటు కొన్నవాడు తనకు నచ్చిన చోటు చెప్పుకోవాలి, తర్వాత సర్వే చేయించుకోవాలి, చివరికి పట్టా వస్తుంది. హద్దులు చెట్లు, వాగులు, రాళ్లు. ఎవరికివారు కొలిపించుకోవడంతో ఒకే నేల మీద ముగ్గురు నలుగురి హక్కులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ గొడవలు దశాబ్దాలు నడిచాయి.

కెంటకీలో థామస్ లింకన్ చేతికి మూడు పొలాలు వచ్చాయి, మూడింటిలోనూ దెబ్బతిన్నాడు. 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు 118 పౌండ్లకు కొన్నాడు. హద్దుల కొలతల్లో తప్పులున్నాయి, 1814లో 200 ఎకరాల కింద 100 పౌండ్లకు అమ్మేశాడు. 1808లో సింకింగ్ స్ప్రింగ్ పొలం 200 డాలర్లకు కొన్నాడు, కొడుకు పుట్టింది అక్కడే. ఆ భూమి మ్యాథర్ నుంచి వాన్స్‌కు, వాన్స్ నుంచి బుష్‌కు, బుష్ నుంచి ఈయనకు వచ్చింది. మధ్యలో ఒకరు బాకీ తీర్చలేదు. 1813లో మొదటి యజమాని అందరి మీదా దావా వేశాడు, పొలం పోయింది. మూడోది నాబ్ క్రీక్ పొలం. ఫిలడెల్ఫియాకు చెందిన మిడిల్టన్ వారసులు అక్కడ పది వేల ఎకరాలు తమవంటూ 1815లో థామస్ మీద, పక్క రైతుల మీద దావా వేశారు. 1818లో జ్యూరీ థామస్ పక్షాన తీర్పు ఇచ్చింది. కానీ ఆయన విసిగిపోయి 1816లోనే కుటుంబంతో ఇండియానాకు వెళ్లిపోయాడు. కొంత బానిసత్వం వల్ల, ముఖ్యంగా భూమి హక్కుల చిక్కుల వల్ల వెళ్లామని కొడుకు తర్వాత రాశాడు.

ఆయనకు అది కష్టం. మనకు మాత్రం ఆ దావాల ఫైళ్లు పెన్నిధి. కుటుంబం ఎందుకు కదిలింది అన్న ప్రశ్నకు జనాభా లెక్క జవాబు చెప్పదు, దావా చెబుతుంది. భూమి తగాదాల్లో ముసలివాళ్లను పిలిచి వాంగ్మూలం తీసుకునేవారు. నా వయసు ఇంత, ఫలానా సంవత్సరం ఫలానా కోట దగ్గరికి వచ్చాను, అప్పుడు మాతో ఉన్నవాళ్లు వీళ్లు, ఆ చెట్టుకు గుర్తు పెట్టినప్పుడు చూశాను అని వాళ్లు చెప్పేవారు. మీ ముత్తాత దావాలో కక్షిదారు కాకపోవచ్చు, సాక్షి అయ్యుండవచ్చు. ఇండెక్స్‌లో మాత్రం వాది, ప్రతివాది పేర్లే ఉంటాయి. అందుకే పొరుగువాళ్ల కేసులు కూడా తీయాలి. విడి కాగితాల కట్టలు అడగాలి, పుస్తకంలో తీర్పు ఒక్కటే ఉంటుంది.

పేర్ల చిక్కు

పైన లింక్‌హార్న్ అని చూశారు కదా. పలికినట్టు రాసేవారు. లింకన్, లింక్‌హార్న్, లింకర్న్ అన్నీ ఒకే కుటుంబం. చదువురాని మనిషి తన పేరు తప్పుగా రాశారని గొడవ పెట్టే పరిస్థితి కూడా లేదు. ఇంటిపేరు ఎన్ని రకాలుగా పలకవచ్చో అన్ని రకాలుగా ఇండెక్స్ చూడాలి.

ఇంతకంటే ప్రమాదం ఒకే పేరు ఇద్దరికి ఉండటం. కెప్టెన్ లింకన్ తమ్ముడి పేరు థామస్. అతనూ కెంటకీకే వచ్చి ఫయట్ కౌంటీలో ఉన్నాడు. అంటే ఒకే కాలంలో, ఒకే రాష్ట్రంలో బాబాయి థామస్ లింకన్, అన్న కొడుకు థామస్ లింకన్. కాగితంలో సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీ కొడుకులని తేల్చేయకూడదు. అప్పట్లో ఒకే చోట ఉన్న పెద్దవాణ్ణి, చిన్నవాణ్ణి వేరు చేయడానికి అలా రాసేవారు, చుట్టరికమే ఉండనక్కర్లేదు. వేరు చేసేవి పొలం పక్క వాగు పేరు, భార్య పేరు, జామీను నిలబడ్డవాడు. జామీను ఎవరూ ఊరికే ఇవ్వరు. చాలాసార్లు బావమరిదో, మేనమామో, తండ్రో అయి ఉంటారు. 1806 పెళ్లి జామీనులో థామస్ పక్కన సంతకం చేసింది రిచర్డ్ బెర్రీ, నాన్సీ ఉన్న ఇంటివాడు.

ఆ జామీను గురించి కూడా ఒక స్పష్టత ఉండాలి. పెళ్లికి చట్టపరమైన అడ్డంకి బయటపడితే 50 పౌండ్లు కడతామని రాసిన హామీ అది. పెళ్లి జరిగిందనడానికి అది రుజువు కాదు. పెళ్లి చేయించిన పాస్టర్ జెస్సీ హెడ్ కోర్టుకు పంపిన జాబితాలో 1806 జూన్ 12 అని ఉంది, అసలు రుజువు అదే.

కాగితం కాలిపోతే, కాగితం చాలకపోతే

అంతర్యుద్ధంలో కెంటకీలో 22 కోర్టు భవనాలు కాలిపోయాయి. కోర్టు కాలిందనగానే ఆశ వదిలేసుకోనక్కర్లేదు. క్లర్కులు కొన్నిచోట్ల పుస్తకాలు బయటికి తీసి దాచారు. పన్ను జాబితాల ఒక ప్రతి రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లేది. పట్టాలు, సర్వేలు రాష్ట్ర ల్యాండ్ ఆఫీసులో ఉన్నాయి, వాటి చిత్రాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. అప్పీలుకు పోయిన కేసుల కాగితాలు పైకోర్టు దగ్గర ఉంటాయి.

పన్ను జాబితాలను ఏడాది తర్వాత ఏడాది వరసగా చదవాలి. ఒక పేరు కొత్తగా కనబడితే ఆ కుర్రాడికి 21 నిండి ఉండవచ్చు, లేదా ఎక్కణ్ణించో వచ్చి ఉండవచ్చు. మగవాడి పేరు పోయి ఆ స్థానంలో ఆడమనిషి పేరు వస్తే భర్త పోయాడన్నమాట. కోర్టులో ఆస్తి కేసు తెరవకముందే ఈ మార్పు తెలిసిపోతుంది.

ఆడవాళ్ల విషయంలో కోర్టు పుస్తకాలు చాలా కఠినం. పెళ్లప్పుడు ఒకసారి, భర్త భూమి అమ్మినప్పుడు తన హక్కు వదులుకుంటూ ఒకసారి, వితంతువు అయ్యాక ఒకసారి కనబడితే గొప్ప. లేదంటే నింద మోపినప్పుడు. 1789లో మెర్సర్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ లూసీ హాంక్స్ అనే ఆమె మీద అక్రమ సంబంధం ఆరోపణ నమోదు చేసింది. 1790లో తాను మేజర్‌నని, హెన్రీ స్పారోతో పెళ్లి తనకు ఇష్టమేనని ఆమె స్వయంగా రాసిచ్చింది, తర్వాత ఆ కేసు ఆపేశారు. నాన్సీ తల్లి ఈ లూసీయేనా, లేక షిప్లీ కుటుంబానికి చెందిన వేరే ఆమెనా అని వందేళ్లకు పైగా వాదించుకున్నారు. ఏ కోర్టు పుస్తకమూ తేల్చలేదు. 2015లో తల్లి వరస నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏ పరీక్ష లూసీ పక్షాన నిలిచింది. నాన్సీ తండ్రి ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు.

మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే వరస ఇది. తెలిసిన చివరి మనిషి నుంచి వెనక్కి నడవండి, ఒక తరం గట్టిపడకుండా ముందు తరానికి దూకవద్దు. కౌంటీల తేదీలు, అప్పటి వారసత్వ చట్టం దగ్గర పెట్టుకోండి. పన్ను జాబితాలు ముందు, దస్తావేజులు తర్వాత, ఆ పైన ఆర్డర్ బుక్. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో చాలా కౌంటీల మైక్రోఫిల్మ్ చిత్రాలు ఉచితంగా ఉన్నాయి, వాటిలో ఎన్నో పేజీలకు ఇండెక్సే లేదు. మనిషి ఉన్నాడనుకున్న ఐదారేళ్ల ఆర్డర్ బుక్‌ను పేజీ పేజీ చదవండి, జామీనుదారుల, సాక్షుల, పక్క పొలంవాళ్ల పేర్లు రాసుకుంటూ. ఆ పేర్లలో ఎవరో ఒకరు పాత ఊరి నుంచి మీ మనిషితో కలిసి వచ్చినవాళ్లే అయి ఉంటారు. మీవాళ్ల కాగితం ఆగిపోయిన చోట నుంచి వాళ్ల కాగితాలు తీయండి.